మితంగా తాగితే మేలా, కీడా: ఇన్నేళ్ల పరిశోధన తరువాత కూడా లెక్క ఎందుకు తేలడం లేదు?

చదువరి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. 2024 డిసెంబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు ఒక నివేదిక వెలువరించాయి. జీవితంలో ఎన్నడూ మద్యం ముట్టనివారితో పోలిస్తే మితంగా తాగేవారిలో, అన్ని కారణాలనూ కలిపి చూసినప్పుడు, మరణాల ప్రమాదం 16 శాతం తక్కువగా ఉందని అందులో చెప్పారు. ఆ మాటపై తమకున్న నమ్మకం ఒక మోస్తరుదేనని కూడా అందులోనే రాశారు. నెల తిరగకముందే, 2025 జనవరిలో, అదే దేశంలో ప్రభుత్వ శాఖల సంఘం ఒకటి చేయించిన అధ్యయనం ముసాయిదా బయటికి వచ్చింది. వారానికి 7 డ్రింకులు (అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాల్) దాటితే మద్యం వల్ల మరణించే ప్రమాదం జీవితకాలంలో వెయ్యిమందికి ఒకరి చొప్పున, 9 దాటితే వందమందికి ఒకరి చొప్పున ఉంటుందని దాని సారాంశం.

దేశం ఒకటే, కాలం ఒకటే, చదవడానికి ఉన్న పరిశోధనలు కూడా చాలావరకు అవే. అయినా ఒకరికి మేలు కనిపించింది, ఒకరికి కీడు కనిపించింది. ఇద్దరిలో ఎవరో ఒకరు లెక్క తప్పారని అనుకోవాలా, లేక ఈ లెక్కలోనే ఏదైనా చిక్కు ఉందా? విషయం తెలిసినవారు వివరించగలరు.

తూకం

చదువరి గారు, ఆ రెండు బృందాలు వేసుకున్న ప్రశ్నలే వేరు. మొదటివారు తాగేవారిని ఒకవైపు, ఎన్నడూ తాగనివారిని మరోవైపు ఉంచి, ఏ వైపు ఎక్కువమంది చనిపోయారో చూశారు. రెండోవారు మద్యం వల్ల వస్తాయని తెలిసిన జబ్బులను, ప్రమాదాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఎంత తాగితే ఏది ఎంత పెరుగుతుందో లెక్కగట్టి, ఆ ముక్కలన్నిటినీ కూడారు. మొదటి పద్ధతిలో ఫలితమంతా ఎవరిని ఎవరితో పోల్చారన్న దానిమీదే నిలబడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక సర్వే పత్రంలో “ప్రస్తుతం మద్యం తాగుతారా?” అనే ప్రశ్న ఉందనుకుందాం. ఇరవై ఏళ్లు తాగి, కాలేయం పాడైందని పరీక్షలో తేలాక నిరుడు మానేసిన మనిషి ఆ ప్రశ్నకు నిజాయితీగా “లేదు” అనే టిక్కు పెడతాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి కూడా అదే గడిలో టిక్కు పెడతాడు. ఆ తరువాత పదేళ్లలో మొదటివాడు చనిపోతే ఆ మరణం “తాగనివారి” ఖాతాలో పడుతుంది. తాగనివారి గీత ఆ మేరకు పైకి లేచి, కొద్దిగా తాగేవారి గీత దానికన్నా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. కొద్దిగా తాగితే ప్రమాదం తగ్గి, ఇంకా తాగితే పెరుగుతుందని పుస్తకాల్లో చూపే జె అక్షరం ఆకారపు వక్రరేఖలో ఆ మొదటి వంపు కొంతవరకు ఇలా పుట్టిందే.

బ్రిటన్‌లో 24 పట్టణాలకు చెందిన 7,735 మంది నడివయసు పురుషులను పరిశీలించిన అధ్యయనం ఆధారంగా షేపర్, ఆయన సహచరులు ఈ సంగతిని 1988లోనే ఎత్తిచూపారు. తాగనివారిలో చాలామంది ఒకప్పుడు తాగి మానేసినవారేనని, వారిలో అప్పటికే జబ్బులున్నవారు ఎక్కువని వారు గమనించారు.

ప్రశ్నార్థకం

తూకం గారు చెప్పింది నిజమే, కానీ అది పాత సంగతి. మానేసినవారిని వేరుచేసి, ఎన్నడూ తాగనివారితో మాత్రమే పోల్చిన అధ్యయనాలు తరువాత చాలా వచ్చాయి. చదువరి గారు ప్రస్తావించిన అకాడమీల నివేదిక కూడా అటువంటి అధ్యయనాలనే లెక్కలోకి తీసుకుంది. అయినా 16 శాతం తేడా మిగిలింది కదా! పైగా దీనికి శరీరంలో ఒక మార్గం కూడా ఉంది. “మంచి కొలెస్ట్రాల్” అని పిలిచే హెచ్‌డీఎల్‌ను మద్యం పెంచుతుందని, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌ను తగ్గిస్తుందని స్వల్పకాలిక ప్రయోగాలలోనే రుజువైంది. గుండెకు కొంత మేలు ఉండవచ్చని అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తూకం

ఇంకా చాలా కావాలి. మద్యం సామాన్యంగా చెల్లుబాటయ్యే సమాజంలో ఎన్నడూ తాగనివారు కూడా ఒక ప్రత్యేకమైన గుంపే. చిన్నప్పటినుంచి అనారోగ్యం ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు, ఖర్చుపెట్టే స్థోమత లేనివారు, ఇంట్లో తాగుడు తెచ్చిన నాశనాన్ని కళ్లారా చూసి దూరంగా ఉన్నవారు, మతపరమైన నియమం ఉన్నవారు, అందరూ అందులో ఉంటారు. మరోవైపు, రోజుకు ఒక గ్లాసుతో ఆపగలిగేవారు సగటున చదువు, ఆదాయం, వైద్య సదుపాయం ఎక్కువగా ఉన్నవారు. 2005లో నైమీ బృందం అమెరికా టెలిఫోను సర్వే సమాచారాన్ని విశ్లేషించింది. గుండెజబ్బుకు సంబంధించిన 30 ప్రమాద కారకాలను చూస్తే, వాటిలో 27 మితంగా తాగేవారిలో కన్నా తాగనివారిలోనే ఎక్కువగా కనిపించాయి. ఇన్ని తేడాలున్న రెండు గుంపుల మధ్య మద్యం ఒక్కటే తేడా అన్నట్టు ఎలా మాట్లాడగలం?

“గణాంకశాస్త్ర పద్ధతులతో సరిచేశాం” అని పరిశోధకులు అంటారు. ఆదాయాన్ని మూడు తరగతులుగా విడగొట్టి సరిచేసినంత మాత్రాన జీవితకాలపు పేదరికం లెక్కలోకి రాదు. కొలవని దానిని సరిచేయడం ఎటూ కుదరదు. రుతుక్రమం ఆగిన మహిళలకు హార్మోన్లు ఇస్తే గుండెజబ్బు తగ్గుతుందని పరిశీలనాత్మక అధ్యయనాలు ఏళ్ల తరబడి చెప్పాయి. 2002లో పెద్ద రాండమైజ్డ్ ప్రయోగం (ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చేది) ఫలితాలు వచ్చినప్పుడు ఆ మేలు కనిపించలేదు సరికదా, హార్మోన్లు వాడినవారిలోనే గుండెజబ్బులు కొంచెం ఎక్కువయ్యాయి. అప్పుడూ సర్దుబాట్లు చేశారు, అప్పుడూ ఒక శారీరక మార్గం చూపించారు.

ఇక హెచ్‌డీఎల్ సంగతి. టోర్సెట్రపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను మద్యం కన్నా ఎంతో ఎక్కువగా పెంచింది. కానీ ఆ మందు వాడినవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ప్రయోగాన్నే ఆపేశారు. రక్తపరీక్షలో ఒక అంకె మెరుగుపడినంత మాత్రాన మనిషి ఎక్కువకాలం బతుకుతాడని చెప్పలేం.

పాంథుడు

ఒక చిన్న సందేహం. ఇప్పుడు లక్షలమందితో అధ్యయనాలు వస్తున్నాయి కదా. అంతమంది ఉన్నప్పుడు ఇటు పొరపాట్లు, అటు పొరపాట్లు ఒకదానికొకటి కొట్టుకుపోవా?

తూకం

ఎటు పడితే అటు జరిగే పొరపాట్లయితే కొట్టుకుపోతాయి. ఒకేవైపు జరిగేవి పోవు. ముల్లు పక్కకు వంగిన కాటాతో ఒకసారి తూచినా లక్షసార్లు తూచినా వచ్చే బరువు తప్పే, కాకపోతే లక్షసార్లు తూచిన తరువాత ఆ తప్పు మీద మనకు నమ్మకం పెరుగుతుంది. 2023లో 107 అధ్యయనాలను, సుమారు 48 లక్షలమందిని కలిపి చూసిన జావో, స్టాక్‌వెల్ బృందం చేసిన పని ఇక్కడ గమనించదగినది. పోలిక గుంపును ఎలా ఏర్పరచారు, ఏ వయసువారిని చేర్చుకున్నారు వంటి లోపాలను లెక్కలోకి తీసుకున్న తరువాత, కొద్దిగా తాగేవారికి కనిపించిన లాభం గణాంకపరంగా చెప్పుకోదగినదిగా మిగలలేదు.

వయసు విషయం ఎందుకు ముఖ్యమంటే, 60 ఏళ్లు దాటినవారితో మొదలుపెట్టిన అధ్యయనంలోకి, మద్యం వల్ల 45వ ఏటనే పోయినవారు ఎలాగూ రారు. తాగి తట్టుకుని నిలబడినవారే వస్తారు.

నాడి

నేను ప్రయోగశాల వైపు మనిషిని. ఎవరిని ఎవరితో పోల్చాలి అన్న దానిమీదే చర్చంతా నడుస్తోంది, ఎంత తాగారో మనకు తెలుసునన్నట్టు మాట్లాడుకుంటున్నాం. నిజానికి అది కూడా సరిగా తెలియదు.

“వారానికి ఎన్ని గ్లాసులు?” అని అడుగుతాం. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 150 మి.లీ. పోస్తే అందులో 18 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది, బరువులో సుమారు 14 గ్రాములు. 14 శాతం ఉన్న వైన్‌ను పెద్ద గ్లాసులో 250 మి.లీ. పోస్తే 35 మి.లీ. అవుతుంది, అంటే సుమారు 28 గ్రాములు. ఇద్దరూ “రోజుకు ఒక గ్లాసు” అనే రాస్తారు, ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ ఒకే వరుసలోకి చేరతారు, కానీ ఒకరు మరొకరికన్నా రెట్టింపు తాగుతున్నారు. దీనికి తోడు “డ్రింకు” అనే కొలమానమే దేశానికొక రకంగా ఉంది. అమెరికాలో 14 గ్రాములు, ఆస్ట్రేలియాలో 10, బ్రిటన్‌లో యూనిట్ అంటే 8. అధ్యయనాలను కలిపేవారు వీటన్నిటినీ గ్రాములలోకి మార్చుకుంటారు, కానీ మొదట జవాబిచ్చిన మనిషి మనసులో ఉన్న గ్లాసు ఎంత పెద్దదో ఏ సూత్రమూ చెప్పలేదు.

సర్వేలలో జనం చెప్పుకున్న మొత్తాన్ని కూడి, ఆ దేశంలో అమ్ముడైన మద్యంతో పోల్చి చూస్తే, చాలా చోట్ల సగానికి అటూ ఇటూగా మాత్రమే లెక్కకు వస్తుంది. మిగతాది తక్కువ చెప్పడం వల్ల కొంత, బాగా తాగేవారు సర్వేకు దొరకకపోవడం వల్ల కొంత పోతుంది. అందరూ ఒకే నిష్పత్తిలో తక్కువ చెబితే సర్దుకోవచ్చు, కానీ ఎవరు ఎంత దాచారో మనకు తెలియదు. రోజుకు 30 గ్రాములు తాగుతూ 15 అని చెప్పేవారివల్ల 15 గ్రాములకే ఆ హాని జరిగినట్టు కనిపిస్తుంది. అంటే ఈ పొరపాటు మితంగా తాగడాన్ని ఉన్నదానికన్నా ప్రమాదకరంగా చూపగలదు. తూకం గారు చెప్పిన పొరపాట్లు చాలావరకు ఒకవైపు లాగితే, ఇది రెండోవైపు లాగుతుంది.

తాగే తీరు మరో చిక్కు. వారానికి 7 డ్రింకులు అన్నప్పుడు రోజుకొకటి చొప్పున తాగేవారూ, శనివారం రాత్రి ఏడూ తాగేవారూ ఒకే సగటు కింద కలిసిపోతారు. వారి రక్తపోటు, గుండె లయ, రోడ్డు ప్రమాదాల అవకాశం ఒకటి కావు.

చదువరి

నాడి గారు, రక్తపరీక్షతో తెలుసుకోవడం కుదరదా? మనిషి దాచినా రక్తం దాచదు కదా.

నాడి

కొంతవరకు కుదురుతుంది. ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ అనే పదార్థం ఆల్కహాల్ శరీరంలోకి వచ్చినప్పుడే ఎర్ర రక్తకణాల పొరలో ఏర్పడుతుంది కాబట్టి, రక్తంలో అది కనబడితే తాగినట్టే. రెండు నుంచి నాలుగు వారాల వరకు దాని జాడ దొరుకుతుంది. ఆల్కహాల్‌నుంచే శరీరంలో తయారయ్యే ఇథైల్ గ్లూక్యురోనైడ్ మూత్రంలో కొద్ది రోజులు, వెంట్రుకల్లో కొన్ని నెలలు నిలుస్తుంది. పాతకాలపు జీజీటీ పరీక్షలో కొలిచే కాలేయ ఎంజైము ఇతర కాలేయ సమస్యలకూ పెరుగుతుంది కాబట్టి దానిని నమ్మలేం.

అయితే మీకు కావలసింది 30 ఏళ్ల అలవాటు. ఈ పరీక్షలు చెప్పేది గత నెల సంగతి. ఒకే గుంపును ఏళ్ల తరబడి గమనించే పెద్ద కోహోర్ట్ అధ్యయనాలు చాలా వాటిలో మొదట ఒకసారి అడిగిన జవాబుతోనే ఆ తరువాతి దశాబ్దాలను నడిపించారు. ఆ మధ్యలో పెళ్లి, ఉద్యోగం పోవడం, జబ్బు, పదవీ విరమణ వంటివి తాగుడును ఎన్నిసార్లు మార్చి ఉంటాయో అధ్యయనానికి తెలియదు.

చదువరి

అలాంటప్పుడు రాండమైజ్డ్ ప్రయోగం చేయడానికి అడ్డేమిటి? మందులకు చేస్తున్నాం కదా.

ఆనవాలు

దానికి సిద్ధపడ్డారు. రోజుకు 15 గ్రాముల మద్యం ఇచ్చే గుంపునూ పూర్తిగా మానేసే గుంపునూ సగటున ఆరేళ్లు గమనించాలని, దాదాపు 7,800 మందితో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో ఒక ప్రయోగం మొదలైంది. ఖర్చులో ఎక్కువ భాగం మద్యం కంపెనీలనుంచి రావలసి ఉంది. ఆ నిధులను రాబట్టడంలో అధికారులు, పరిశోధకులు కంపెనీలతో నడిపిన సంప్రదింపులు బయటపడటంతో 2018 జూన్‌లో దానిని మూసివేశారు. నా దృష్టిలో అది మూతపడకపోయినా మన ప్రశ్నకు సగం జవాబే వచ్చేది. ఆరేళ్లలో గుండెపోటు తేడా కనిపించవచ్చు, రొమ్ము క్యాన్సర్ తేడా కనిపించదు. మేలు జరిగితే త్వరగా కనిపించేలా, కీడు కనిపించకముందే ముగిసిపోయేలా ఉండే ప్రయోగం ఎంత నిష్పక్షపాతంగా నడిచినా దాని ఆకారమే ఒకవైపు మొగ్గుతుంది.

మరో అడ్డంకి, తాగుతున్నది మద్యమో నీళ్లో మనిషికి తెలియకుండా దాచలేం. 2015లో ఇజ్రాయెల్‌లో టైప్ 2 మధుమేహం ఉన్న 224 మందితో చేసిన ప్రయోగంలో రాత్రి భోజనంతో కొందరికి 150 మి.లీ. వైన్, కొందరికి నీళ్లు రెండేళ్లపాటు ఇచ్చారు. రెడ్ వైన్ గుంపులో హెచ్‌డీఎల్ కొంత పెరిగింది, అంతకుమించి జబ్బుల గురించి, మరణాల గురించి చెప్పగలిగే పరిమాణం దానికి లేదు.

తాగించే ప్రయోగాలకన్నా మానిపించే ప్రయోగాలు ముక్కుసూటిగా ఉంటాయి. కర్ణికల కంపనం అనే గుండె లయ సమస్య ఉండి, వారానికి 10 డ్రింకులు లేదా అంతకుమించి తాగే 140 మందిని ఆస్ట్రేలియాలో రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును మానమన్నారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరునెలల్లో సమస్య తిరగబెట్టినవారు మానిన గుంపులో 53 శాతం, మానని గుంపులో 73 శాతం. 140 మందితోనే ఇంత తేటగా జవాబు రావడానికి కారణం, ఆ జబ్బు నెలల్లోనే మళ్లీ కనిపిస్తుంది.

వేరు

ప్రయోగం కుదరని చోట జన్యువులు కొంత పని చేసిపెడతాయి. ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమును బలహీనపరిచే జన్యురూపం తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ. అది ఉన్నవారిలో, ఆల్కహాల్ విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుని, ముఖం ఎర్రబడి, వికారం కలుగుతుంది కాబట్టి వారు తక్కువ తాగుతారు. ఈ జన్యువు ఎవరికి రావాలో పుట్టుకకు ముందే లాటరీ పద్ధతిలో తేలిపోతుంది. తరువాత వచ్చే జబ్బుగానీ జీతంగానీ దానిని మార్చలేవు.

చైనాలో 5 లక్షలమందికి పైగా పాల్గొన్న కడూరి బయోబ్యాంక్ (జనం రక్త నమూనాలను, ఆరోగ్య వివరాలను భద్రపరిచే పరిశోధన భాండాగారం) సమాచారంతో 2019లో వచ్చిన అధ్యయనం ఈ చర్చకు ఆయువుపట్టు అని నా అభిప్రాయం. పురుషులు తాము చెప్పుకున్న మోతాదు ప్రకారం చూస్తే, వారానికి 100 గ్రాముల దగ్గర తాగేవారిలో పక్షవాతం అందరికన్నా తక్కువగా కనిపించింది, పాత వంపే మళ్లీ వచ్చింది. అదే పురుషులను, సుమారు 1.6 లక్షలమంది జన్యు సమాచారం సాయంతో, జన్యువులు సూచించే మోతాదు ప్రకారం వరుసపెడితే వంపు మాయమై, మద్యం పెరిగేకొద్దీ పక్షవాతం ప్రమాదం నిలకడగా పెరిగింది. అక్కడి మహిళలు తాగడం అరుదు. జన్యువు వేరే దారిలో పక్షవాతాన్ని ప్రభావితం చేస్తుంటే మహిళల్లోనూ ఆ జాడ కనిపించాలి, కానీ కనిపించలేదు. ఇంత చక్కటి అడ్డుపరీక్ష ఈ రంగంలో అరుదుగా దొరుకుతుంది.

ప్రశ్నార్థకం

వేరు గారు ఒక వాక్యం వదిలేశారు. అదే అధ్యయనంలో గుండెపోటుకు మాత్రం జన్యువులు సూచించే మోతాదుతో చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు, అటు మేలుగానూ లేదు, ఇటు కీడుగానూ లేదు. నేను మొదటినుంచీ మాట్లాడుతున్నది గుండె గురించే. పైగా ఆ జన్యురూపం మద్యం మోతాదును మాత్రమే మార్చదు, తాగినప్పుడు ఎసిటాల్డిహైడ్ శరీరంలో ఎంతసేపు ఉంటుందో కూడా మారుస్తుంది. ఆ జన్యురూపం ఒక ప్రతి ఉండి కూడా తాగేవారికి అన్నవాహిక క్యాన్సర్ ప్రమాదం మామూలువారికన్నా ఎక్కువన్నది తెలిసిన విషయమే. కాబట్టి జన్యు పద్ధతిని తక్కువ మోతాదుల దగ్గర చివరి తీర్పుగా తీసుకోకూడదు.

వేరు

రెండు అభ్యంతరాలూ సరైనవే. నేను పక్షవాతం వరకే మాట్లాడాను. 2014లో యూరప్ సంతతివారిలో, ఆల్కహాల్‌ను విరగగొట్టే ఎంజైముకు చెందిన ఏడీహెచ్1బీ జన్యువుపై 2.6 లక్షలమందికి పైగా సమాచారంతో వచ్చిన విశ్లేషణలో, జన్యురీత్యా తక్కువ తాగేవారికి గుండెజబ్బు కూడా తక్కువగానే ఉంది, మితంగా తాగేవారిలో సైతం. కానీ తక్కువ మోతాదులో వంపు ఉందా లేదా అని తేల్చడానికి ఈ జన్యువు చూపే మోతాదు తేడా చాలా చిన్నది.

నాడి

గుండె ఒక్కటే చూస్తే ప్రశ్నార్థకం గారి వాదనకు బలం ఉంది. 2018లో 83 అధ్యయనాలనుంచి 5,99,912 మంది తాగేవారిని మాత్రమే తీసుకుని, తాగనివారిని పూర్తిగా పక్కనపెట్టి చేసిన విశ్లేషణలో కూడా మద్యం పెరిగేకొద్దీ గుండెపోటు కాస్త తగ్గింది. కానీ పక్షవాతం, గుండె వైఫల్యం పెరిగాయి, వారానికి సుమారు 100 గ్రాములు దాటాక మొత్తం మరణాలు పెరిగాయి. తాగనివారు అసలు లేని పోలిక కాబట్టి తూకం గారు మొదట చెప్పిన టిక్కు సమస్య దీనికి వర్తించదు.

క్యాన్సర్ దగ్గర వంపు గొడవే లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను 1988లోనే మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. 2009లో బ్రిటన్‌లో సుమారు 12.8 లక్షలమంది మహిళలపై వచ్చిన అధ్యయనం, రోజుకు అదనంగా తాగే ప్రతి 10 గ్రాములకు 75 ఏళ్ల వయసులోపు వెయ్యిమందిలో సుమారు 11 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువవుతాయని అంచనా వేసింది. అకాడమీల నివేదిక కూడా మితంగా తాగే మహిళల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని ఒప్పుకుంది. మొత్తం మరణాల అంకె ఒక్కటే చూస్తే ఇది కనబడదు, ఎందుకంటే ఆ అంకెలో గుండె, క్యాన్సర్, ప్రమాదాలు అన్నీ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. గుండెపోట్లు ఎక్కువగా ఉండే వయసులో, దేశంలో అది ఒక రకంగా కనిపిస్తుంది, యువకులు ప్రమాదాలలో పోయే చోట మరో రకంగా కనిపిస్తుంది. ప్రపంచ వ్యాధిభారం అధ్యయనం 2018లో అతి తక్కువ హాని కలిగించే మోతాదు సున్నా అని చెప్పి, 2022లో వయసును, ప్రాంతాన్ని బట్టి అది మారుతుందని, చిన్న వయసువారికి మాత్రం సున్నాకు దగ్గరే అని చెప్పడానికి కారణం ఇదే.

పాంథుడు

ఇంతకీ తాగనివాడు మొదలుపెట్టాలా? తాగేవాడు మానాలా? ఈ రెండూ ఒకే ప్రశ్న అనుకుంటూ చదివాను, ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆనవాలు

రెండూ వేరే. వీటిలో రెండోదానికి జవాబు వెతికే ప్రయోగం ఒకటి స్పెయిన్‌లో జరుగుతోంది. నవారా విశ్వవిద్యాలయం పరిశోధకులు 50 ఏళ్లు దాటి, ఇప్పటికే తాగుతున్న పదివేలమందికి పైగా చేర్చుకుని, సగంమందికి పూర్తిగా మానమని, సగంమందికి మితంగా తాగమని సలహా ఇచ్చి నాలుగేళ్లు గమనించేలా దానిని రూపొందించారు. ఖర్చు ఐరోపా ప్రజానిధులనుంచి వస్తోంది, మద్యం కంపెనీలనుంచి కాదు.

అందులో పోలిక సలహాల మధ్య జరుగుతుంది. మానమన్నవారు మానకపోతే, మితంగా అన్నవారు ఇంకా తగ్గిస్తే, రెండు గుంపులూ దగ్గరై తేడా చెరిగిపోతుంది. ఆనాడు “తేడా లేదు” అని శీర్షికలు వస్తే, ముందుగా రెండు గుంపులూ నిజంగా ఎన్ని గ్రాముల తేడాతో తాగాయో, అది నాడి గారు చెప్పిన రక్తపరీక్షల్లాంటి వాటితో తేలిందా, చెప్పుకున్న మాటతో తేలిందా అన్నది చూడాలి. ఎన్నడూ తాగనివారు అందులో లేరు కాబట్టి, మీ మొదటి ప్రశ్న ఆ ప్రయోగం పరిధిలోకే రాదు.